52 రోజుల జీవో: కవ్వాల్–తాడోబా కారిడార్‌లో మేము చేసిన పని, చెయ్యని పని

ఇది గెలిచిన కేసు కాదు, ఆ ముక్క ముందే చెప్తున్న. మా వన్యప్రాణుల లైన్‌లో కేస్ స్టడీ అంటే అందరూ గెలిచినవే రాస్తరు, పైన పులి ఫొటో, పక్కన ఆఫీసర్లతో మీటింగ్ ఫొటో, కింద అందరికీ ధన్యవాదాలు. 2025 మే 30న తెలంగాణ ప్రభుత్వం జీవో 49 ఇచ్చింది, కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లాలో 1,492.88 చదరపు కిలోమీటర్ల అడవిని కుమ్రం భీం కన్జర్వేషన్ రిజర్వ్ అని ప్రకటించుకుంట. ఎకరాల్లో లెక్కేస్తే 3 లక్షల 70 వేలకు కొద్దిగ తక్కువ. మహారాష్ట్ర తాడోబా నుంచి మా కవ్వాల్‌కు పులులు వచ్చిపోయే దారి, అంటే కారిడార్, ఆ అడవిలోనే ఉంది, మాలాంటోళ్ళం ఏండ్ల నుంచి అడుగుతున్నది అదే. జూలై 21న అదే జీవోని అబేయన్స్‌లో పెట్టిండ్రు, అంటే అమలు ఆపి పక్కకు పెట్టిండ్రు. మధ్యలో 52 రోజులు. ఆ 52 రోజుల రాజకీయం పేపర్లల్ల వచ్చింది, దాని జోలికి నేను ఎక్కువ పోను, అంతకు ముందు దాదాపు పదేండ్లు మేము ఎక్కడ తిరిగినం, ఎక్కడ తిరగలేదు అనేది రాద్దామని కూర్చున్న.

నేను 2016 నుంచి కాగజ్‌నగర్ డివిజన్‌లో పనిచేస్తున్న. చిన్న టీమ్, నలుగురం, రెండు బండ్లు. జంతువు ముందట నుంచి పోతే దానంతటదే ఫొటో తీసే కెమెరా ట్రాప్‌లు పెట్టుడు, గొడ్డును పులి కొడితే ఆ కాడికి పోవుడు, ఉచ్చులు ఏరుడు, ఆఫీసులకు అర్జీలు రాసుడు, ఇవే మా పనులు. ఊర్ల పేర్లు, మనుషుల పేర్లు నేను కలిసినోళ్ళవి రాయను, వాళ్ళు అక్కడనే బతకాలె కద.

పులి ఎటు నుంచి వస్తది

మ్యాప్ ఒకసారి మనసులో పెట్టుకోండ్రి. పైన చంద్రపూర్ జిల్లాలో తాడోబా. కింద మా కవ్వాల్ టైగర్ రిజర్వ్, 2012లో ప్రకటించిండ్రు, కోర్, అంటే లోపలి అడవి, దాదాపు 893 చదరపు కిలోమీటర్లు, బఫర్, అంటే దాని చుట్టూ ఉన్నది, 1,123. తాడోబాలో పులులు కిటకిట అయినయి. పిల్లలకు రెండేండ్లు దాటినంక తల్లి దగ్గర ఉండనియ్యదు, మగపిల్ల అయితే అక్కడి పెద్ద మగపులి అసలే ఉండనియ్యదు, ఇగ అది బయలుదేరాలె. అట్ల బయలుదేరినవి కన్హార్‌గావ్ అడవుల మీదుగ వార్ధానో ప్రాణహితనో దాటి సిర్పూర్, బెజ్జూర్, పెంచికల్‌పేట్ వైపు దిగుతయి. ఎండాకాలం ప్రాణహిత చాన చోట్ల ఇసుకే, వానాకాలం అయితే ఈదుతయి, పులికి నీళ్ళంటే భయం లేదు. ఇంకో దారి పడమర నుంచి, యవత్మాల్ జిల్లా టిపేశ్వర్ నుంచి పెన్‌గంగ దాటి ఆదిలాబాద్‌లోకి. మూడోది తూర్పున ఇంద్రావతి వైపు.

ఇవి ఊహలు కాదు. 2019లో టిపేశ్వర్ నుంచి రేడియో కాలర్‌తోని బయలుదేరిన ఒక మగపులి ఆదిలాబాద్ వైపు కూడ వచ్చి, తిరిగి తిరిగి ఐదు నెలల్లో దాదాపు 1,300 కిలోమీటర్లు నడిచి బుల్ఢాణా జిల్లా జ్ఞానగంగ అభయారణ్యంలో తేలింది. 2024 అక్టోబర్, నవంబర్‌లో జానీ అని పేరు పెట్టిన పులి మహారాష్ట్రలోని కిన్వట్ వైపు నుంచి వచ్చి బోథ్, కుంటాల, సారంగాపూర్, మామడ, పెంబి, అట్ల ఉట్నూర్ దాక ఆడతోడు కోసం తిరిగింది, పేపర్లల్ల 300 కిలోమీటర్లు అని రాసిండ్రు. అది నిర్మల్, ఆదిలాబాద్ మధ్య 44వ నంబర్ హైవే కూడ దాటింది. ఆ రాత్రి లారీ డ్రైవర్లు ఎవలన్న చూసిండ్రో లేదో.

ఇప్పుడు అసలు విషయం. 2022 పులుల లెక్కింపులో తెలంగాణ మొత్తంల 21 వచ్చినయి, 2018లో 26 ఉండె. కవ్వాల్ లోపల సున్న. టైగర్ రిజర్వ్ అని బోర్డు ఉన్న కాడ పులి లేదు, బోర్డు లేని కాగజ్‌నగర్ అడవిలో ఉన్నయి. ఫాల్గుణ అని పిలిచే ఆడపులి 2015, 16 ఆ టైమ్‌లో తాడోబా వైపు నుంచి వచ్చి కాగజ్‌నగర్ అడవుల్లోనే నాలుగు పిల్లల్ని పెట్టింది, ఆ తర్వాత ఇంకో ఈత కూడ. అంటే మనం మ్యాప్ మీద దారి అని గీసిన చోటు దానికి ఇల్లు. ఈ ఒక్క ముక్క మాకు అర్థం అయ్యేసరికి మూడు నాలుగేండ్లు పట్టింది, ఎందుకంటే మా ప్రజెంటేషన్లల్ల ఎప్పుడూ ఒక బాణం గుర్తు, తాడోబా నుంచి కవ్వాల్‌కు, మధ్యలో అంతా ఖాళీ ఆకుపచ్చ రంగు. ఆ ఆకుపచ్చల గూడేలు ఉన్నయి, పత్తి చేన్లు ఉన్నయి, కాజీపేట–బల్లార్షా రైలు పట్టాలు ఉన్నయి, వారం వారం అంగడి ఉంది.

కారిడార్ అంటే ఎన్ని ఫీట్లు సార్

2017లో అనుకుంట, ఒక ఊర్ల పంచాయతీ ఆఫీసు ముందట మీటింగ్ పెట్టినం. నేను కారిడార్ గురించి అరగంట చెప్పిన, జన్యు వైవిధ్యం దాక పోయిన. అయిపోయినంక ఒక పెద్దమనిషి లేచి "ఎన్ని ఫీట్లు సార్" అని అడిగిండు. నాకు అర్థం కాలేదు. "గదే కారిడారు, ఎన్ని ఫీట్ల రోడ్డు, మా దిక్కు పోతదా, ఎకరానికి ఎంత ఇస్తరు?" తెలుగు రాష్ట్రాల్లో కారిడార్ అనే మాట సామాన్యునికి ఎక్కడ వినబడుతది చెప్పండ్రి, ఇండస్ట్రియల్ కారిడార్, ఎకనామిక్ కారిడార్, ఎక్స్‌ప్రెస్ కారిడార్, అన్నిటికీ ఒకటే అర్థం, భూమి పోతది. మేము పులికి మంచి చేద్దామని ఎత్తుకున్న మాట ఆ మనిషి చెవిలో భూసేకరణ నోటీసు.

నవ్వి ఊకున్నం ఆ రోజు. రిపోర్టుల "గ్రామస్తులకు అవగాహన కల్పించాం, హాజరు 43" అని రాసినం. ఆ 43 మంది ఇంటికి పోయి ఏం చెప్పుకున్నరో రాయలేదు.

తర్వాత నేను గమనించింది ఏందంటే కొలాం, గోండు పెద్దలు పులి తిరిగే జాగ గురించి మాట్లాడేటప్పుడు దారి అని కూడ అనరు, వాగు పేరు చెప్తరు, గుట్ట పేరు చెప్తరు, "ఆ వాగు పొంటి వస్తది, ఆ గుట్ట మీద పండుకుంటది" అంతే. పాలరాపు గుట్ట తెలుసు కద, పెద్దవాగు ప్రాణహితల కలిసే కాడ, రాబందులు గూళ్ళు పెట్టే గుట్ట, ఆ గుట్టను అందరూ గుర్తుపడుతరు, దాని చుట్టూ పని చేసినప్పుడు మాకు ఇంత తిప్పలు రాలేదు. ఎందుకంటే అక్కడ చెప్పడానికి ఒక గుట్ట ఉంది, ఒక పక్షి ఉంది. కారిడార్‌కు చూపిస్తానికి ఏం లేదు, మ్యాప్ మీద రంగు తప్ప.

మాకు చాతనైన పని

ఫైళ్ళ పని మాకు బాగనే వచ్చు, అది కూడ చెప్పాలె, లేకుంటే అన్యాయం. వన్యప్రాణి సంరక్షణ చట్టంల 38ఓ అని ఒక సెక్షన్ ఉంది, టైగర్ రిజర్వులనే కాదు, ఒక రిజర్వ్‌ను ఇంకో దాంతోని కలిపే జాగలను కూడ అడవికి పనికిరాని వాటికి మళ్ళించొద్దు, తప్పదంటే జాతీయ వన్యప్రాణి బోర్డు ఒప్పుకోవాలె, ఎన్‌టీసీఏ, అంటే జాతీయ పులుల సంరక్షణ సంస్థ, సలహా తీసుకోవాలె అని. 2014లో ఎన్‌టీసీఏ, డెహ్రాడూన్ వన్యప్రాణి సంస్థ కలిసి దేశంల 32 పెద్ద కారిడార్లను గుర్తించి రిపోర్ట్ ఇచ్చినయి. ఈ రెండూ చేతుల ఉంటే రోడ్డు మీద, రైలు లైన్ మీద వాదన పెట్టొచ్చు. కావాలంటే పెంచ్ చూడండ్రి. మన ఆదిలాబాద్, నిర్మల్ మీదుగ పోయే అదే 44వ నంబర్ హైవే, నాగ్‌పూర్ దాటినంక పెంచ్ అడవిలో నుంచి పోతది, అక్కడ ఏండ్ల తరబడి కోర్టుల్ల కొట్లాడితే తొమ్మిది చోట్ల రోడ్డును లేపి కింద నుంచి జంతువులకు దారి ఇచ్చిండ్రు, కొన్ని 50 మీటర్లు, ఒకటి 750 మీటర్ల వెడల్పు. 2019లో కెమెరాలు పెట్టి చూస్తే 18 రకాల జంతువులు వాడుతున్నయి, 11 పులులు 89 సార్లు దాటినయి. ఒకటే రోడ్డు, అక్కడ కింద నుంచి పోతున్నయి, ఇక్కడ జానీ లారీల మధ్యల నుంచి ఉరికింది.

ఈ పెంచ్ లెక్క నేను ఎన్ని మీటింగుల్ల చెప్పిన్నో. పనిచేస్తది. ఎందుకు పనిచేస్తదంటే రోడ్డుకు ఒక డిజైన్ ఉంటది, ఒక ఇంజినీర్ ఉంటడు, ఒక బడ్జెట్ ఉంటది, అనుమతి ఇచ్చే కమిటీ ఉంటది. మనం పది పేజీలు రాస్తే వాళ్ళు చదవాలె, చదివి జవాబు రాయాలె. ఈ అలవాటే మమ్మల్ని ముంచింది అని నేను అనుకుంట. పేపర్‌కు పేపర్ జవాబు వస్తది కాబట్టి పేపర్ కాడనే కూసున్నం. 1,492 చదరపు కిలోమీటర్ల రిజర్వ్‌కు కూడ అండర్‌పాస్ అడిగినట్టే అడిగినం, సెక్షన్ నంబర్, మ్యాప్, పులి ఫొటోలు, సంతకం.

తీగ, విషం, పత్తి చేను

ఈ లోపల కింద ఏం జరుగుతున్నదో చూడండ్రి. 2020 నవంబర్ 11న దహెగాం మండలం దిగిడ కాడ ఒక పిలగాన్ని పులి చంపింది. అదే నెల 29న పెంచికల్‌పేట్ మండలం కొండపల్లి కాడ పత్తి చేన్ల ఒక అమ్మాయిని. ఈ జిల్లాల గోండు ముసలోళ్ళను అడిగితే తమ కాలంలో ఇట్ల జరగలేదు అన్నరు. 2024 జనవరిలో దరిగాం దిక్కు రెండు రోజుల తేడాతోని రెండు పులుల శవాలు దొరికినయి, విషం పెట్టిన గొడ్డు కళేబరం కథ బయటికొచ్చింది. 2024 నవంబర్‌లో మళ్ళ పత్తి చేన్లనే కాగజ్‌నగర్ మండలంల ఇంకో ఆడబిడ్డ చనిపోయింది, అప్పుడే అటవీశాఖోళ్ళు కూలీలకు, పులి వెనుక నుంచి దూకకుండ, తల వెనుక పెట్టుకునే మొహం మాస్కులు పంచిండ్రు, పొద్దున 10 తర్వాతనే చేనుకు పోండ్రి, సాయంత్రం 4 కల్లా ఇంటికి రండ్రి అని చెప్పిండ్రు. పత్తి ఏరేటోళ్ళకు ఆ టైమింగ్ ఎట్ల సరిపోతదో చెప్పినోళ్ళకు కూడ తెలుసు, కిలోకు ఇంత అని కూలి, పొద్దున మంచుల ఏరితేనే కిలోలు పడుతయి. మంచుకు పత్తి బరువు కూడ తూగుతది, అది వేరే ముచ్చట. 2025 మే నెలల, అంటే జీవోకు కొద్ది రోజుల ముందే, పెంచికల్‌పేట్ అడవిలో కే-8 అనే ఆడపులి వేటగాళ్ళు పెట్టిన కరెంటు తీగకు పోయింది.

కరెంటు తీగ అంటే తెలియనోళ్ళకు చెప్తున్న, పదకొండు కేవీ లైన్ మీద కొండి ఏసి, అడవిపంది కోసం కట్టెలకు సన్న బైండింగ్ తీగ కట్టి కిలోమీటర్ పొడుగు లాగుతరు, మోకాలి కంటే తక్కువ ఎత్తు. పంది పడుతది, దుప్పి పడుతది, పులి పడుతది, పొద్దుగాల మూత్రానికి లేచిన మనిషి కూడ పడుతడు. దాన్ని ఆపుతానికి రాత్రి పూట కరెంటు లైన్‌మన్, అటవీశాఖ బీట్ ఆఫీసర్ కలిసి తిరగాలె, ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ తేడా వస్తే ఫోన్ చెయ్యాలె. ఇది ఏ జీవోకూ సంబంధం లేని పని, ఇద్దరు డిపార్ట్‌మెంటోళ్ళు ఒకరి నంబర్ ఒకరు సేవ్ చేసుకుంటే అయ్యే పని. కొన్ని సెక్షన్లల్ల అయ్యింది, అక్కడ తీగలు తగ్గినయి, కొన్ని చోట్ల లైన్‌మన్ మారినంక మళ్ళ మొదటికి వచ్చింది.

గొడ్డు కథ ఇంకా ముఖ్యం. ఒక రైతు ఎద్దును పులి కొట్టింది అనుకోండ్రి. అతను బీట్ ఆఫీసర్‌కు చెప్పాలె, వాళ్ళు వచ్చి పంచనామా రాయాలె, పశువుల డాక్టర్ వచ్చి పులే కొట్టిందని సర్టిఫికెట్ రాయాలె, ఆధార్, బ్యాంక్ పాస్‌బుక్ జిరాక్స్, ఫొటోలు, ఫైల్ పైకి. అప్పటి దాక కళేబరం కదపొద్దు. దుక్కి దున్నే టైమ్‌ల ఎద్దు పోతే ఆ ఇంటికి ఆ సీజన్ పోయినట్టే, పైసలు ఎప్పుడొస్తయో తెలియదు. నేను చూసిన ఒక కేసుల, ఏ ఆఫీసో చెప్పను, ఫైల్‌ల జిరాక్స్ మసకగ ఉందని మూడు సార్లు తిప్పి పంపిండ్రు, ఆ రైతు తిరుగుడు ఖర్చే వెయ్యి దాటింది. అతను మూడోసారి వచ్చినప్పుడు నాతోని అన్నది "సారూ, మీ పులి మా ఎద్దును తిన్నది, మీ ఆఫీసు నన్ను తింటున్నది." ఆ మనిషి ఇంకోసారి గొడ్డు చస్తే ఫోన్ చేస్తడా, లేక పక్కింటోనికాడ పురుగుల మందు డబ్బా అడుగుతడా అనేది ఆలోచించండ్రి. పులి ఎక్కువసార్లు మళ్ళ అదే కళేబరం కాడికి వస్తది, ఊరోళ్ళ అందరికీ తెలుసు ఆ సంగతి.

మేము 2021 నుంచి ఒక పని మొదలుపెట్టినం, గొడ్డు కొట్టిందని ఫోన్ వస్తే ఆ రోజే పోవుడు, పేపర్లు మేమే రాయించుడు, జిరాక్స్ మిషన్ కాడ నిలబడుడు, ఫైల్ ఎక్కడుందో వారం వారం అడుగుడు. పెద్ద తెలివైన పని ఏం కాదు, ఫండింగ్ ఇచ్చేటోళ్ళకు చెప్తే "దీంట్ల కన్జర్వేషన్ ఏముంది" అని అడిగిండ్రు కూడ. నా లెక్కల పదేండ్లల్ల మేము చేసిన కారిడార్ పని ఏదన్న ఉంటే అదే. ఏ ఊర్లల్ల ఇది నడిచిందో ఆ ఊర్ల నుంచి మాకు పులి కబురు ముందుగ వస్తది, వాట్సాప్‌ల అడుగుల ఫొటో పెట్టి పక్కన అగ్గిపెట్టె పెడుతరు సైజ్ తెలిసెటట్టు. కానీ అవి ఎన్ని ఊర్లు, చేతి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రిజర్వ్ గీసింది 1,492 చదరపు కిలోమీటర్ల మీద.

జీవో చదివినోళ్ళు, చదవనోళ్ళు

జీవో వచ్చిన రోజు మా ఆఫీసుల మిఠాయి పంచుకున్నం. వారం కాకముందే ఫోన్లు. "మా ఊరు లేపుతరట కద." ఒకరు కాదు. ఎవరో వాట్సాప్‌ల మండలాల లిస్ట్ పెట్టి ఈ ఊర్లన్నీ ఖాళీ అని రాసిండ్రు. మేము చెప్పినం, కాదు, చట్టం చదవండ్రి అని. చట్టం మా వైపే ఉంది నిజంగ. కన్జర్వేషన్ రిజర్వ్ అనేది 36ఏ సెక్షన్, 2002 సవరణతోని వచ్చింది, అభయారణ్యం, నేషనల్ పార్క్ కంటే చాన మెత్తనిది. ఊర్లు లేపుడు దాంట్ల లేదు. ప్రభుత్వ భూమి మీదనే పెట్టాలె, ప్రైవేట్ పట్టా భూములు రావు. 36బీ ప్రకారం మేనేజ్‌మెంట్ కమిటీల ప్రతి గ్రామ పంచాయతీ నుంచి ఒక మనిషి ఉంటడు. తమిళనాడులో తిరుప్పుడైమరుదూర్ అని ఒక ఊరు, 2005లో దేశంల మొదటి కన్జర్వేషన్ రిజర్వ్ అదే, కొంగలు గూళ్ళు పెట్టే చెట్ల కోసం ఊరోళ్ళే అడిగి పెట్టించుకున్నరు. ఈ కథ నాకు చాన ఇష్టం, జూన్ నెలల ఒక పది సార్లు చెప్పి ఉంట.

అయితే అదే 36ఏ సెక్షన్ మొదటి లైన్‌లనే ఉంది, స్థానికులతోని సంప్రదించినంక ప్రకటించాలె అని. మాతో ఎవరూ మాట్లాడలేదు, గ్రామసభ పెట్టలేదు, ఆదివాసీ ప్రాంతాల్ల గ్రామసభలకు అధికారం ఇచ్చే పెసా చట్టం ఏమైంది అని ఆదివాసీ సంఘాలు అడిగినయి. మేము ఏం జవాబు చెప్తం? 43 మంది హాజరు రిజిస్టర్ చూపెడుతమా?

జూన్‌ల ఒక గూడెంల కూర్చున్నం, రాత్రి, వాన పడుతున్నది, రేకుల కింద చప్పుడుకు గట్టిగ మాట్లాడాలె. నేను 36ఏ తెలుగుల చదివిన. ఒక పడుచు పిలగాడు, డిగ్రీ చదివిండు, అడిగిండు: "సార్, ప్రభుత్వ భూమి మీదనే అంటున్నరు. మా నాయినకు 2023లో పోడు పట్టా ఇచ్చిండ్రు, అది మాదా, ప్రభుత్వానిదా?" నాకు గొంతుల పచ్చి వెలక్కాయ పడ్డది. అటవీ హక్కుల చట్టం కింద ఇచ్చిన పట్టా అంటే దున్నుకునే హక్కు, భూమి మటుకు రికార్డుల అడవే. అంటే అది రిజర్వ్ గీతల లోపలనే పడుతది. హక్కు పోదు, ఆ చట్టం గట్టిదే, కానీ "రాదు" అని నేను అప్పటి దాక చెప్పిన మాట పూర్తిగ నిజం కాదు. ఈ జిల్లాల పోడు అంటే ఎంత మంటనో తెలియంది కాదు, 2019 జూన్‌ల సార్సాల కాడ మొక్కలు నాటుతానికి పోయిన అటవీ అధికారి మీద దాడి జరిగితే దేశమంత చూసింది. 2023 జూన్ 30న పోడు పట్టాలు ఇచ్చుడు మొదలుపెట్టింది కూడ ఆసిఫాబాద్ నుంచే. అప్పటికి రెండేండ్ల కింద చేతికి వచ్చిన కాయితం అది, మనిషి ఇంకా దాన్ని ప్లాస్టిక్ కవర్ల పెట్టి చూసుకుంటున్నడు.

ఆ పక్కనే ఒక అవ్వ అడిగింది, "పత్తికి మందు కొట్టనియ్యరా?" నేను నవ్వబోయి ఆగిన. 36ఏ కింద వర్తించే వాటిల్ల 32వ సెక్షన్ ఒకటి ఉంది, వన్యప్రాణులకు హాని చేసే రసాయనాలు, పేలుడు పదార్థాలు వాడొద్దని. అది వేటగాళ్ళ విషం కోసం రాసింది అని నేను అనుకుంట, కానీ రాత అట్ల లేదు, రసాయనం అనే ఉంది. రేపు ఒక కోపిష్టి ఆఫీసర్ మోనో పురుగుల మందు డబ్బా పట్టుకొని కేసు రాస్తే? అవ్వకు చట్టం తెలియదు, అయినా పదేండ్ల నుంచి ఆ సెక్షన్లు చదువుతున్న నాకు రాని ప్రశ్న ఆమెకు వచ్చింది, ఎందుకంటే ఆమె చేన్ల నిలబడి అడిగింది.

ఇంకొకాయన ఏం అడగలేదు, "మైసంపేట్ ఏమైంది సార్" అన్నడు అంతే. కవ్వాల్ కోర్‌ల నుంచి మైసంపేట్, రాంపూర్ ఊర్లను 2024లో బయటికి తరలించిండ్రు. అది వేరే సెక్షన్, వేరే పద్ధతి, వాళ్ళు ఒప్పుకున్నరు, ప్యాకేజ్ ఇచ్చిండ్రు, ఇవన్నీ నేను చెప్పొచ్చు. చెప్పిన కూడ. ఆయన తల ఊపిండు, నమ్మలేదు. ఆయన దృష్టిల పులి బొమ్మ ఉన్న ప్రతి కాయితం ఒకటే ఆఫీసు నుంచి వస్తది.

పేరు సంగతి ఒకటి చెప్పి ముందుకు పోత. జల్, జంగల్, జమీన్ అని నిజాం అడవి చౌకీదార్ల మీద కొట్లాడి 1940లో జోడేఘాట్‌ల ప్రాణమిచ్చిన మనిషి పేరు ఒక ఫారెస్ట్ రిజర్వ్‌కు పెట్టుడు, అది కూడ ఆయన మనవల ఊర్లను అడగకుంట. గౌరవంతోనే పెట్టిండ్రు, నాకు డౌట్ లేదు, కానీ ఒక గోండు మిత్రుడు నాతోని అన్నడు, "భీం తాత పేరు మీద బీట్ ఆఫీసర్ మాకు రసీదు రాస్తడన్నట్టు." నేను ఏం మాట్లాడలేదు.

జూలై 21న జిల్లా బంద్, అదే రోజు జీవో ఆగింది. ఆ రోజు మా టీమ్‌ల చిన్నోడు ఏడ్చిండు. నాకు ఏడుపు రాలేదు, సిగ్గు అనిపించింది, ఎందుకంటే బంద్‌ల ఉన్నోళ్ళల్ల మాకు పులి అడుగుల ఫొటోలు పంపేటోళ్ళు కూడ ఉండె.

ఇప్పుడు ఏం చేస్తున్నం

జీవో మీద మేము ఇప్పుడు ఏం లాబీయింగ్ చేస్తలేం. ఈ సంగతి మా లైన్‌ల కొందరికి నచ్చలేదు, లోపల పులులు చస్తుంటే మీరు గూడేలల్ల చాయ్ తాగుతున్నరా అని ఒక సీనియర్ నా మీద గరం అయిండు. ఆయన మాటల న్యాయం ఉంది, చట్టం అండ లేకుంట ఒక్క గని, ఒక్క రైలు లైన్ వస్తే మొత్తం తెగిపోతది, ఆ భయం నాకూ ఉంది. కానీ ఊరోళ్ళు కాదన్న రిజర్వ్‌ల పులిని ఎవడు కాపాడుతడు, మూడు బీట్లకు ఒక ఆఫీసర్ ఉన్న కాడ? ఈ ముచ్చట మా ఇద్దరి మధ్య ఇంకా తెగలేదు.

చేస్తున్నది మూడు పనులే. గొడ్ల పంచనామా పని ఇంకా కొన్ని ఊర్లకు పెంచినం. పోడు పట్టా మీద, మందుల మీద వచ్చిన ప్రశ్నలకు వకీలుతోని లిఖితంగ జవాబు రాయించి, తెలుగుల, గోండిల చదివి వినిపిస్తున్నం, తెలియని కాడ తెలియదు అనే రాసినం. మూడోది మ్యాప్. పాత మ్యాప్ జిల్లా సైజ్‌ది, దాంట్ల ఒక గూడెం అంటే చుక్క. ఇప్పుడు ఊరికొక మ్యాప్, పెద్ద ఫ్లెక్సీ మీద, వాగులు, చేన్లు, దేవుని గుట్ట, గొడ్లు మేసే జాగ, అన్నీ ఊరోళ్ళ చేతనే మార్కర్‌తోని రాయిస్తున్నం.

మొన్న ఒక గూడెంల ఫ్లెక్సీ నేల మీద పరిచి నాలుగు మూలల రాళ్ళు పెట్టినం. 2017లో ఎన్ని ఫీట్లు అని అడిగిన పెద్దమనిషిది ఆ పక్క ఊరే, ఆయన కూడ వచ్చిండు, నన్ను గుర్తుపట్టిండు, నేను ముందు గుర్తుపట్టలేదు. కాసేపు చూసి, మా కారిడార్ గీత ఆయన చేను మీద నుంచి పోతున్నది చూపెట్టి "ఇటు రాదు సారూ" అన్నడు. మార్కర్ తీసుకొని కింద చిన్న వాగు ఒకటి గీసిండు, మా మ్యాప్‌ల ఆ వాగే లేదు. "ఇట్ల వస్తది, మడుగు కాడ ఆగుతది, పొద్దెక్కకముందే ఎళ్ళిపోతది. మొన్న అమాసకు కూడ వచ్చింది." మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు దాదా అంటే, "మీరు అడగలేదు కద, మీరే చెప్తుంటిరి" అన్నడు.

తెల్లారి ఆ మడుగు కాడ రెండు కెమెరాలు కట్టినం. పత్తి ఏరుడు మొదలైంది కాబట్టి అడ్డంగ ఎవరూ పోకుండ ఆయన కొడుకు ఊర్ల చెప్పిండు. కార్డులు వచ్చే వారం తీస్తం.